మైలుకొక రొట్టె

ఆ ఒక్క పొద్దున మా ఇంట్లో పోయినవాటిని వరసగా చెప్పుకుంటే ఇలా వస్తాయి: మూడు రోజులు ముగ్గురం అరకడుపుతో ఉండి మిగిల్చిన జొన్నపిండి ఒక సేరు, రోజు విడిచి రోజు గుడ్డు పెట్టే కోడి ఒకటి, చిక్కటి మజ్జిగ ముంతెడు, వానలు పడేలోగా చేతికి రావలసిన సర్కారు కొలువు ఒకటి, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు మెచ్చుకునే ఉరుకు ఒకటి, చివరికి ఒక మనిషి మంచి పేరు. మొదటి మూడూ మళ్ళీ సంపాదించుకోగలిగినవే, సంపాదించుకున్నాం కూడా. తరువాతి మూడూ తిరిగి రాలేదు.

ముప్పై ఏళ్ళ కిందటి ఈ సంగతి మొన్న మళ్ళీ కళ్ళముందుకు రావడానికి కారణం నా డొక్కలో వచ్చిన పోటు. నాకు యాభై దాటాయి. ఒంట్లో చక్కెర చేరిందని, రోజూ రెండు మైళ్ళు చురుకుగా నడవమని దవాఖానలో చెప్పారు. నడక నాకు కొత్త కాదు, కొలిచి నడవడం అసలే కొత్త కాదు. కానీ మొన్న పొద్దున ఆకలి ఆగక రెండు రొట్టెలు, పప్పు తిని, కడుపు మీద చెయ్యి తుడుచుకుంటూనే శంషాబాదు నుంచి గగన్‌పహాడ్ వైపు బయలుదేరాను. పందొమ్మిది వందల అడుగుల దాకా లెక్కపెట్టాను. అక్కడ కుడివైపు పక్కటెముకల కింద ఎవరో కత్తి పెట్టి తిప్పినట్టయింది, గొంతులోకి పులితేన్పు తన్నుకొచ్చింది, మోరీ గట్టు మీద కూలబడ్డాను. మరునాడు దవాఖానలో ఉన్న కుర్ర డాక్టరుకు చెప్పుకుంటే, ఆయన రాసుకుంటున్న కాగితం మీదనుంచి తల ఎత్తకుండానే, తిన్నాక రెండు మూడు గంటలన్నా ఆగాలి పెద్దాయనా, కడుపు తన పని తాను చేసుకుంటున్నప్పుడు కాళ్ళకు పని చెప్పకూడదు అన్నాడు. అంత చిన్న మాట. ఆ మాట తెలియకపోవడం వల్ల మా బావ బతుకు ఏమయిందో ఆయనకు చెప్పాలనిపించింది కానీ, వెనక వరసలో ఇంకా పదకొండు మంది నిలబడి ఉన్నారు.

మా ఈడువాళ్ళకు రెండో ప్రపంచ యుద్ధం రోజులు గుర్తుండే ఉంటాయి. యుద్ధం ఎక్కడో జరిగేది, కరువు మాత్రం మన గింజల గుమ్మిలో కనబడేది. పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గుతో నడిచేవి. వెనకాల పెద్ద పీపాలాంటిది తగిలించుకుని, అందులో బొగ్గులు కూరి, డ్రైవరు చాలాసేపు గాలిచక్రం తిప్పితే తప్ప బండి కదిలేది కాదు. అప్పుడు నాకు ఇరవై ఒకటి. కర్నూలు వైపు పోయే పెద్ద రోడ్డు మీద మొరం పరిచే గుంపులో, కొలత గొలుసు పట్టుకునే మనిషిని. నా చదువు ఊళ్ళో అయ్యగారి దగ్గర ఏడు నెలలు. అక్షరాలు ఆయన నేర్పారు, లెక్క నేనే నేర్చుకున్నాను. మిగతావాళ్ళు మధ్యాహ్నం సద్ది తిని కునుకు తీస్తుంటే, చినిగిన ఎక్కాల పుస్తకం ఒకటి ముందు పెట్టుకుని మట్టిలో పుల్లతో గీసుకుంటూ కూచునేవాణ్ణి. అలా కూచుని కూచుని ఒకరోజు త్రైరాశికం పట్టుబడింది. ఇంత దానికి ఇంత అయితే అంత దానికి ఎంత. ఆ మూడు అంకెలతో నాలుగోది బయటికి లాగడం చేతనయిన రోజు నాకు లోకం తాళంచెవి దొరికినంత సంబరమయింది. కనిపించిన ప్రతిదానికీ అది వేసి చూశాను. నలుగురు కూలీలు రెండు రోజుల్లో పరిచే కంకర ఆరుగురు ఎన్నాళ్ళలో పరుస్తారో చెప్పాను. సరిపోయింది. కంకర కుప్ప కొలవకముందే ఎన్ని తట్టలు వస్తుందో చెప్పాను, అదీ సరిపోయింది. మేస్త్రి నన్ను లెక్కల పంతులూ అని పిలవడం మొదలుపెట్టాడు. గొలుసు వదిలిపెట్టి కాగితం పట్టుకునే పని ఇప్పిస్తానని కూడా అన్నాడు.

ఆ రోజుల్లో నేను ఉంటున్నది మా అక్క ఇంట్లోనే. బావ, అక్క, బావ తల్లి, నేను, ఇంతే మేము. బావకు ఉన్నది వాన పడితే పండే చెల్క. రెండేళ్ళుగా సరిగ్గా పడలేదు. కానీ ఆయనకు దేవుడు కాళ్ళిచ్చాడు. ఎవరింట్లో పురుడొచ్చినా, ఎవరికి ప్రాణం మీదికి వచ్చినా, జల్‌పల్లికో పహాడీ షరీఫ్‌కో కబురు పంపాలంటే బావనే పిలిచేవాళ్ళు. ఆయన పంచె ఎగగట్టి ఒక గుక్క నీళ్ళు పుక్కిలించి ఉమ్మి, రోడ్డు పట్టకుండా గుట్టల అడ్డదారిన పోయేవాడు. తిరిగొచ్చి, కాళ్ళు కడుక్కుని, అప్పుడు రొట్టె ముందు కూచునేవాడు. ఆయన పరుగు చూడడం నాకెంతో ఇష్టంగా ఉండేది. మడమ నేలకు ఆనినట్టే కనబడేది కాదు.

టప్పా మోసే రన్నరు ఒకాయన ముసలితనం వచ్చి తప్పుకున్నాడని, ఆ జాగాలో మనిషిని తీసుకుంటారని తెలిసింది. టప్పా అంటే తపాలా. ఉత్తరాల సంచి భుజాన వేసుకుని, గజ్జెలు కట్టిన బల్లెం చేతపట్టి, ఊరినుంచి ఊరికి పరుగెత్తే కొలువు. అది దొరికితే నెలనెలా జీతం వస్తుంది, ఖాకీ తలపాగా వస్తుంది. దొరక్కపోతే బావకు మిగిలింది గగన్‌పహాడ్ గుట్టల్లో రాళ్ళు కొట్టే పనే. అక్క ఆ మాట తలుచుకోవడానికే భయపడేది. మా మేనమామ ఆ రాతిదుమ్ము మింగీ మింగీ దగ్గుతోనే పోయాడు. కొలువు కోసం ఇద్దరు నిలబడ్డారు, బావ ఒకడు, జల్‌పల్లి నుంచి వచ్చిన బక్కపలుచని మనిషి ఇంకొకడు. పదిహేను సేర్ల బరువు నింపి గజ్జెలు కట్టిన సంచి మోసుకుని శంషాబాదు నుంచి గగన్‌పహాడ్‌కు మూడు మైళ్ళు, మళ్ళీ వెనక్కి మూడు మైళ్ళు పరుగెత్తాలి. ముందు వచ్చినవాడిది కొలువు. ఒక్కటే నియమం, సంచి నేలను తాకకూడదు. ఉత్తరం మన్ను పట్టకూడదన్నది ఆ పనిలో పాత పట్టింపు. వర్షమొచ్చినా పాము అడ్డమొచ్చినా రన్నరు ఒంటి మీదే ఉండాలి.

పందెం ఇంకా నాలుగు రోజులుందనగా నేను మట్టిలో లెక్క వేశాను. బావ రోజూ పొద్దున చెల్క దాకా రెండు మైళ్ళు ఉరికి వస్తాడు, పొద్దుటి పూట రెండు రొట్టెలు తింటాడు. రెండు మైళ్ళకు రెండు రొట్టెలయితే ఆరు మైళ్ళకు ఎన్ని? మైలుకొక రొట్టె చొప్పున ఆరు. బరువు కూడా మోస్తాడు కనుక దానికి వేరుగా కోడికూర, దారిలో దాహం కాకుండా ముంతెడు మజ్జిగ. గీసి చూపించాను. బావకు అంకెలు రావు కానీ అంకెలంటే గురి. మా అత్త, అంటే బావ తల్లి, అరుగు మీద చింతగింజలు కొడుతూ అంతా విన్నది.

"ఏందిరా పోరడా నీ లెక్క? వాడు ఎన్నడన్న తిని ఉరికిండా? ఉరికినంకనే తింటడు."

నేను బొగ్గు బస్సు సంగతి చెప్పాను. పీపాలో బొగ్గు నింపితేనే కదా అత్తా బండి కదిలేది, దిగినంక నింపుతరా అన్నాను.

"బస్సుకు కడుపున్నదారా? దానికి పొగనే వస్తది. నా కొడుక్కు పేగులున్నయి."

అక్క ఫక్కున నవ్వింది. బావ మాత్రం తల్లిని కసురుకున్నాడు. "నువ్వు జర ఊకో అమ్మా. బామ్మర్ది లెక్క తప్పుతదా? మొన్న అంత కంకర కుప్పను కంటితో చూసి చెప్పిండట. నా కడుపు గంత పెద్దగున్నదా?"

ఈ ముప్పై ఏళ్ళలో ఆ లెక్కను ఎన్నిసార్లు తిరగేశానో. అంకెల్లో తప్పు లేదు. రెండు మైళ్ళు, రెండు రొట్టెలు, ఆరు మైళ్ళు, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. తప్పు ఎక్కడంటే, త్రైరాశికంలో ముందు ఏది వెనక ఏది అన్నదానికి చోటు లేదు. తిని ఉరికినా ఉరికి తిన్నా దానికి ఒకటే. మా అత్తకు ఎక్కాలు రావు కనుక ఆమెకు ముందూ వెనకా కనబడింది.

ఇంట్లో పిండి కొద్దిగానే ఉంది. ఆరు రొట్టెలకు చాలాలంటే మూడు రోజులు మిగిలినవాళ్ళం తగ్గించుకోవాలి. అక్క అంబలిలో నీళ్ళు ఎక్కువ పోసింది. అత్త ఆ పల్చటి అంబలి గిన్నె నా ముందు పెట్టి, "లెక్కలోడా, ఇది ఎన్ని గుక్కలో చెప్పు, గన్నే తాగుత" అనేది. అలా దెప్పుతూనే తన వంతులో సగం తిరిగి కుండలో పోసేది. కోడిని పట్టుకోవడానికి అక్క స్వయంగా వెళ్ళింది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని కాసేపు నిమిరి, నా చేతికిచ్చి లోపలికి పోయింది.

పందెం రోజు పొద్దుపొడుపుకు బావ తినడానికి కూచున్నాడు. నాలుగు రొట్టెలు ఇష్టంగానే తిన్నాడు. అయిదోదానికి నీళ్ళు తాగాడు. ఆరోది సగం ఉందనగా నా మొహం చూశాడు. ఇంకా సగమే బావా అన్నాను. దానికి అక్క తల తిప్పుకుంది. ఆయన కళ్ళు మూసుకుని మింగాడు, మజ్జిగ ముంత ఎత్తి పట్టాడు. లేచి నిలబడితే కడుపు మీద చర్మం డోలులాగా బిగిసి ఉంది. గంట గడవకముందే పరుగు మొదలయింది.

నేను అక్కడ లేను. రెండో మైలురాయి దగ్గర మా గుంపు మొరం పరుస్తోంది, గొలుసు పట్టుకుని అక్కడ నిలబడ్డాను. ముందుగా గజ్జెల చప్పుడు వినబడింది. బావే ముందు వస్తున్నాడు. నా గుండె ఉప్పొంగింది. దగ్గరికొచ్చాక చూస్తే పెదవులు తెల్లగా ఉన్నాయి, అడుగడుక్కీ ఎక్కిళ్ళు, కడుపులో మజ్జిగ తొణికే చప్పుడు బయటికి వినిపిస్తోంది. నన్ను చూసి చెయ్యి ఊపాడు. వెనక రెండు వందల అడుగుల దూరంలో జల్‌పల్లి మనిషి, బుగ్గన ఒక బెల్లంముక్క పెట్టుకుని, చెమట తుడుచుకుంటూ నిదానంగా పోయాడు. వాళ్ళ వెనక సైకిలు మీద టప్పా ఇన్‌స్పెక్టరు.

తిరుగుదారిలో ముందు వినబడింది జల్‌పల్లి మనిషి గజ్జెలు. అతను దాటిపోయి చాలాసేపయ్యాక బావ వచ్చాడు. ఒక చేత్తో డొక్క నొక్కుకుని, ఒంటికాలి మనిషిలాగా ఒరిగి వస్తున్నాడు. మాకు కొంచెం దూరంలో రోడ్డు దిగి తంగేడు పొద వెనక కూచున్నాడు. సంచి మాత్రం దించలేదు. దాన్ని నెత్తి మీద పెట్టుకుని, రెండు చేతులా పట్టుకుని, ఆ అవసరం తీర్చుకుంటున్నాడు. పొద పైనుంచి సర్కారు సంచి ఒక్కటి కనబడుతోంది. మా గుంపు పారలు వదిలేసి నవ్వింది.

"అరే, టప్పా మోసుకోని పొదల కూసున్నడు చూడుర్రి! గా ఉత్తరం ఎవలకురా?"

లేచాడు, నలభై అడుగులు పరుగెత్తాడు, మళ్ళీ దిగాడు. మళ్ళీ సంచి నెత్తి మీదనే. మూడోసారి దిగలేదు. సరిగ్గా మా ముందుకొచ్చి నిలబడే వంగిపోయి కక్కాడు. ఆ వంగడంలో సంచి భుజం జారి, అక్క కోడి, అత్త అంబలి, మా మూడు రోజుల ఆకలి, అన్నీ పడి ఉన్న ఆ మన్నులోనే పడింది.

ఇన్‌స్పెక్టరు సైకిలు దిగాడు. చెడ్డ మనిషి కాదు. ముందు తన సీసాలో నీళ్ళిచ్చాడు. తరువాత అడిగాడు.

"ఏం తిన్నవ్ పొద్దుగాల?"

"రొట్టెలు సాబ్."

"ఎన్ని?"

"ఆరు."

గుంపు మళ్ళీ గొల్లుమంది. గింజలు దొరకని కాలంలో ఆరు రొట్టెలు తిన్నానన్న మనిషి వాళ్ళకు వింతగా కనబడ్డాడు. ఎవరు తినమన్నారని ఇన్‌స్పెక్టరు అడిగాడు. బావ మూతి తుడుచుకుని, మన్నులో ఉన్న సంచిని చూస్తూ అన్నాడు. "ఎవరు చెప్తరు సాబ్. ఆశకొద్ది తిన్న."

నా పక్కనే ఉన్న మేస్త్రి నావైపు తిరిగాడు. "ఏమయ్యా లెక్కల పంతులూ, మీ బావనే కదా? ఆరు రొట్టెలు మెక్కి ఉరుకుతడా ఎవడన్న? నువ్వన్న చెప్పలేదా?"

"నాకేం ఎరుక" అన్నాను.

బావకు వినబడింది. వినబడిందని నాకు తెలుసు, ఎందుకంటే అప్పుడాయన తల ఎత్తి నావైపు చూసి, మళ్ళీ దించేశాడు. కోపంగా చూసి ఉంటే నాకు ఇంత కాలం గుర్తుండేది కాదేమో. ఆయన చూపులో ఉన్నది, సరే, నీ కాగితం పని నిలబడనీ అన్న ఒప్పుకోలు. వారం తిరక్కుండా మేస్త్రి నాకు ఆ పని ఇప్పించాడు.

ఇంటికొచ్చాక నేను మూల కూచుంటే, అత్త అంబలి గిన్నె నా ముందు పెట్టి, గుక్కలు లెక్కపెట్టమనకుండానే లోపలికి పోయింది. అదే ఎక్కువ బాధించింది. ఆ లెక్క నాదని బయట ఎక్కడా అనొద్దని బావ తల్లికీ పెళ్ళానికీ చెప్పాడట, అది తెలిస్తే బామ్మర్దితో ఎవరూ లెక్క చేయించుకోరని. అక్క ఎన్నో ఏళ్ళ తరువాత నాకు చెప్పింది. వాన పడకముందే ఆయన గగన్‌పహాడ్ గుట్టల్లో సుత్తె పట్టాడు. మళ్ళీ పరుగెత్తగా నేను చూడలేదు. ఎవరన్నా కబురు మోయమని వస్తే మోకాలు నొప్పి అనేవాడు.

ఇప్పుడు ఆ రోడ్డు మీద నిలబడితే అది ఒకప్పుడు మొరం రోడ్డని నమ్మేవాళ్ళుండరు. తారు పోశారు, లారీలు ఒకదాని తోక ఒకటి పట్టుకుని పోతున్నాయి, బావ రాళ్ళు కొట్టిన గుట్టల పక్కన ఫ్యాక్టరీల గొట్టాలు లేచాయి. తపాలా మోటారులో వస్తుంది, సంచులను కిందికి విసిరేస్తారు, అవి దుమ్ములో దొర్లుతాయి, ఎవరూ పట్టించుకోరు. పొద్దున్నే పడుచువాళ్ళు బూట్లు వేసుకుని పరుగులు తీస్తూ, ఏం తినాలో ఎప్పుడు తినాలో ఒకరికొకరు చెప్పుకుంటూ పోతారు. కడుపులో పోటు వస్తే నిలబడి, ఊపిరి పీల్చుకుని, నవ్వుకుని మళ్ళీ సాగుతారు. మా కాలంలో ఒక కడుపునొప్పికి ఒక బతుకు దారి మారిపోయేది.

ఆ రోజు నవ్విన గుంపు ఊరూరా తిరిగేది కనుక పేరు కూడా వాళ్ళతోపాటే తిరిగింది. బావను ఆరు రొట్టెలాయన అన్నారు. ఎవరూ పగతో అనలేదు, సరదాకే. కానీ పెళ్ళిలోనో బారసాలలోనో బంతిలో కూచున్నప్పుడు వడ్డించేవాడు ఆయన ముందుకొచ్చి, "మా అన్నకు ఆరు పడాలె" అని అనకుండా పోయేవాడు కాదు. బంతి అంతా నవ్వేది. బావ కూడా నవ్వి, రెండో వడ్డనకు విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి, చాలు చాలు అని లేచిపోయేవాడు. రోజంతా రాళ్ళు కొట్టిన మనిషి. ఇంటికొచ్చాక అక్క మళ్ళీ పొయ్యి రాజేసేది. నా పెళ్ళినాడు ఆయన అలా లేవడం చూసినప్పటినుంచి నేను లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఆయన పక్కన నేనున్న బంతులు ఇరవై ఏడు. ఆ ఇరవై ఏడింటిలోనూ, ఆరన్నది నా లెక్క, ఆయన ఆకలి కాదు అని నలుగురిలో అంటే ఆ నవ్వు నా వైపు తిరిగేది. అప్పటికి, చెబితే పోయే కొలువు కూడా నాకేమీ లేదు. అయినా అనలేదు.

పోయిన ఏడు మాఘమాసంలో బావ దగ్గుతోనే పోయాడు. పిట్టకు పెట్టే రోజున చెరువు పక్కన విస్తరి వేసి, ఆయనకు ఇష్టమయినవన్నీ పెట్టి, దూరంగా జరిగి నిలబడ్డాం. ఎంతసేపటికీ కాకి రాలేదు. ఆయనతో పనిచేసిన ముసలాయన ఒకడు, అందరి మనసూ తేలిక చేద్దామనుకున్నాడేమో, "గట్ల రెండు పెడితే ఎట్లొస్తడు? ఆరు పెట్టుర్రి, ఉరికొస్తడు" అన్నాడు. ఏడుస్తున్నవాళ్ళు కూడా నవ్వారు. అక్క నవ్వలేదు, నా మొహంలోకి చూసింది. చెప్పడానికి నోరు తెరిచాను. అంతలో కాకి వాలింది, వచ్చిండు వచ్చిండు అంటూ అందరూ చేతులు జోడించారు, నేనూ జోడించాను.

బతికున్నప్పుడు ఇరవై ఏడు, పోయాక ఒకటి. ఇరవై ఎనిమిది.